రాగిరేకుకు ఎక్కదగిన హేవలాక్ వంతెన

రాజమండ్రి: ఇక్కడ గోదావరిపై ఉన్న మూడు రైలు వంతెనలలో వయసులో పెద్దది హేవలాక్ వంతెన. అంతకు ముందు ఈ రేవున గోదావరి దాటాలంటే పడవలే దిక్కు. 1897లో పనులు మొదలయ్యాయి. 1900లో రైలు నడిచింది. నాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు దీనికి పెట్టారు. ఇంజనీరు వాల్టన్ ఆధ్వర్యంలో రాతి స్తంభాలపై ఇనుప గర్డర్లతో దీనిని నిర్మించారు. మొత్తం 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు.

నీటి మీద ఇన్ని ఇనుప గీతలు గల కట్టడాన్ని చిత్రించడానికి ఎచింగ్ అనే పద్ధతి బాగా నప్పుతుంది. రాగిరేకుపై మైనపు పూత పూసి, దానిపై సూదితో బొమ్మ గీస్తారు. పూత లేచిపోయిన చోట రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే ఆ గీతలు మాత్రమే లోతుగా తినివేయబడతాయి. గీతల్లో సిరా నింపి, పైనున్న సిరాను తుడిచివేసి, తడిపిన కాగితం పరచి యంత్రంలో నొక్కితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది.

ఆమ్లంలో ఎక్కువసేపు ఉన్న గీత నల్లగా, తక్కువసేపు ఉన్నది సన్నగా పడుతుంది. అందువల్ల దగ్గరి స్తంభాలను దట్టంగా, దూరాన కొవ్వూరు ఒడ్డున కలిసిపోయే గర్డర్లను పలుచగా చూపవచ్చు. గీత పెట్టకుండా వదిలిన తెల్లకాగితమే గోదావరి నీరవుతుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. అచ్చు ఎప్పుడూ తిరగబడి వస్తుంది. ఎగువ నుంచి దిగువకు చూసేవారికి ఎడమన రాజమండ్రి, కుడిన కొవ్వూరు ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు రేకుపై గీస్తే అచ్చులో ఊళ్లు తారుమారవుతాయి. కనుక చిత్రకారుడు ముందే తిప్పి గీయాలి. లోహపు రేకుపై చెక్కి అచ్చు తీసే కళలో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018) ప్రపంచఖ్యాతి పొందడం తెలుగువారికి గర్వకారణం.

1986 నాటి పెద్ద వరదకు కూడా చలించని హేవలాక్ వంతెనపై 1997లో రైళ్లు ఆగిపోయాయి. ఆమ్లం రాగిని తింటే బొమ్మ మిగులుతుంది. తుప్పు ఇనుమును తింటే ఏమీ మిగలదు. ఈ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే పనులతో కూడిన అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. గర్డర్లకు సకాలంలో రంగులు, మరమ్మతులు జరిగితేనే రేపటి పిల్లలు దీనిని బొమ్మలో కాక గోదావరి మీదనే చూడగలుగుతారు.