వైజర్ ఎందుకు ఊడింది? - డబుల్ టేపు సంగతులు

ప్రతి వేసవి సెలవుల్లోనూ మన హాస్టల్ నుంచి కొందరు కార్ డెకార్స్ షాపుల్లో పనికి వెళ్తుంటారు. సీట్ కవర్లు తొడగడం, మ్యాట్లు పరచడం, బండి కడగడం, స్టిక్కర్లు వేయడం - సీనియర్ అన్నల కాలం నుంచీ ఉన్న పనే ఇది. ఈసారి కూడా డిగ్రీ తమ్ముళ్లు కొందరు వెళ్తామంటున్నారు. వారికి ఉపయోగపడుతుందని, మేము డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్న ఒక విషయం ఈ సంచికలో రాస్తున్నాం.

మేము డిగ్రీ రెండో సంవత్సరం సెలవుల్లో ముగ్గురం ఒకే షాపులో చేరాం. ఒకరోజు మధ్యాహ్నం ఒక తెల్ల కారు వచ్చింది. నాలుగు డోర్లకూ వైజర్లు (వానజల్లు లోపలికి రాకుండా కిటికీ పైన వేసే నల్లని ప్లాస్టిక్ రెక్కలు) వేయమన్నారు. బండి కడిగాం. బాగా మెరవాలని పాలిష్ పట్టాం. ఎండలోనే వైజర్లు అతికించి, అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి పంపేశాం. ఓనరుగారికి తొందర, మాకూ తొందరే.

రెండో రోజు ఆ కారాయన తిరిగొచ్చాడు. హైవే మీద ఎడమవైపు ముందు వైజర్ ఊడి ఎగిరిపోయిందట. వెనక బైకు మీద భార్యాభర్తలు వస్తున్నారట. బైకాయన చూసి పక్కకు కోశాడు కాబట్టి సరిపోయింది. ఓనరుగారు మా ముగ్గురికీ తలా నాలుగు రోజుల కూలి కోసేశారు. "సరిగా నొక్కలేదు" అని ఆయన, "టేపు డూప్లికేటు" అని మేము. ఆ రోజు రాత్రి గదికి వచ్చాక కూడా మాకు కోపం తగ్గలేదు. కూలి పోయినందుకు ఎంత బాధపడ్డామో, బైకు వాళ్ల సంగతి తలుచుకుంటే అంత భయమేసింది.

తర్వాత ఎమ్మెస్సీలో ఉపరితల రసాయన శాస్త్రం పాఠం వింటుంటే మాకు ఆ వైజరే గుర్తుకొచ్చింది. ఓనరుగారు చెప్పింది సగమే నిజం. మేము చెప్పింది బహుశా అబద్ధం.

జిగురు రకరకాలుగా పనిచేస్తుంది. ఫెవికాల్‌లో నీరు ఆరిపోయి గట్టిపడుతుంది. ఎంసీల్ అయితే రెండు ముద్దలూ కలిసి రసాయన చర్య జరిగి రాయిలా అవుతుంది. డబుల్ టేపు ఈ రెండూ కాదు. దాని జిగురు ఎన్నాళ్లయినా మెత్తగానే ఉంటుంది, ఎప్పటికీ ఆరదు. చూడటానికి ఘనపదార్థం, నిజానికి అతి చిక్కని ద్రవం లాంటిది. అరిసెల పాకం ముదిరితే ఎలా ఉంటుందో తెలుసు కదా, ఒంపితే కారదు గానీ నొక్కితే మెల్లగా సర్దుకుంటుంది. టేపు జిగురూ అంతే. కంటికి నున్నగా కనిపించే కారు పెయింటు మీద కూడా సూక్ష్మమైన గుంటలు, మిట్టలు ఉంటాయి. జిగురు ఆ గుంటల్లోకి పాకి నిండాలి. అప్పుడు అణువుల మధ్య వాండర్ వాల్స్ ఆకర్షణ బలాలు పనిచేస్తాయి. ఈ బలాలు చాలా చిన్నవి, చాలా దగ్గరైతే తప్ప ఉండవు. కావున టేపు పట్టు అంతా ఎంత మేర నిజంగా తాకింది అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

దుమ్ము ఉంటే టేపు దుమ్ముకు అతుక్కుంటుంది, కారుకు కాదు. నూనె ఉంటే నూనెకు. మేము పట్టిన పాలిష్‌లో సిలికోన్ నూనె ఉంది. మెరుపు కోసం వేసేది అదే. అంటే మేము మా చేతులతోనే వైజర్ ఊడటానికి దారి వేశాం!

ఇంకో సంగతి ఉపరితల శక్తి. తామరాకు మీద నీళ్లు ముత్యాల్లా దొర్లుతాయి. బాగా తోమిన స్టీలు పళ్లెం మీద పరుచుకుంటాయి. నీటిని పరుచుకోనివ్వని ఉపరితలం జిగురునూ సరిగా పరుచుకోనివ్వదు. దీన్ని మిల్లీన్యూటన్/మీటరు ప్రమాణంలో కొలుస్తారు. నాన్‌స్టిక్ పెనానికి పూసే టెఫ్లాన్‌కు ఇది 20 లోపే. పాలీప్రొపిలీన్‌కు సుమారు 30, పాలీకార్బొనేట్‌కు 40 పైన, లోహాలకు ఇంకా చాలా ఎక్కువ. కారు బంపర్లకు, చక్రాల చుట్టూ పెయింటు వేయకుండా నల్లగా వదిలేసే ప్లాస్టిక్ చాలావరకు పాలీప్రొపిలీన్ రకమే. అందుకే డోరు మీద నిలిచిన టేపు అక్కడ నిలవదు. అలాంటి చోట ముందుగా ప్రైమర్ పలుచగా పూసి, ఆరాక అతికించాలి.

నమ్మకం కుదరక మేము గదిలోనే ఒక ప్రయోగం చేశాం. ఒక మంచి టేపు కొని, ఒకే కొలత ముక్కలతో కొక్కేలు అతికించి, ఒక్కోదానికి అర లీటరు నీళ్ల సీసా వేలాడదీశాం. ఒకటి శుభ్రంగా తుడిచిన ట్రంకు పెట్టెకు, ఒకటి అదే పెట్టె రెండో వైపు కొబ్బరి నూనె చెయ్యి రాసి పొడిగుడ్డతో తుడిచిన చోట, ఒకటి స్నానాల ప్లాస్టిక్ బకెట్‌కు. నూనె రాసినది నిమిషాల్లో పడింది. బకెట్‌ది రాత్రి భోజనాల గంట కొట్టే లోపల పడింది. శుభ్రమైన పెట్టెది తెల్లారినా అలాగే ఉంది. పక్క గదివాళ్లు మాత్రం రాత్రి సీసా పడిన చప్పుడుకు లేచి మమ్మల్ని తిట్టారు.

మాస్కింగ్ టేపు పుట్టిందే కారు షెడ్డు కోసం అని తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికాలో 1920ల్లో రెండు రంగుల కార్లంటే మోజు. ఒక రంగు వేసేటప్పుడు రెండో రంగు మీద పడకుండా పాత కాగితాలు జిగురుతో అంటించేవారు. తీసేటప్పుడు పెయింటు కూడా ఊడి వచ్చేది, పనివాళ్లు తిట్టుకునేవారు. గరుకు కాగితం తయారుచేసే త్రీఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ ఆ తిట్లు విన్నాడు. ఇంజనీరింగ్ చదువు మధ్యలో మానేసినవాడాయన. 1925లో మాస్కింగ్ టేపు, 1930లో పారదర్శకమైన సెల్లోఫేన్ టేపు ఆయన చేతిమీదుగానే వచ్చాయి. కార్లకు వాడే గట్టి ఆక్రిలిక్ ఫోమ్ టేపును అదే కంపెనీ 1980లో విడుదల చేసింది.

ఈ ఫోమ్ ఎందుకంటే, ఎండకు ప్లాస్టిక్, ఇనుము ఒకేలా వ్యాకోచించవు. ఆక్రిలిక్ ప్లాస్టిక్ ఇనుము కన్నా సుమారు ఆరు రెట్లు సాగుతుంది. 70 సెం.మీ. పొడవు వైజర్‌కు రాత్రికీ పగటికీ 40 డిగ్రీల తేడా వచ్చిందనుకుంటే, డోరుతో పోలిస్తే దాని పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ మారుతుంది. గట్టిపడే జిగురైతే పగిలిపోతుంది. ఫోమ్ ఆ కదలికను తనలో ఇముడ్చుకుంటుంది. షాపుల్లో దొరికే చవక ఫోమ్ టేపులు ఎండకు మెత్తబడి జారతాయి. పైన ఎర్ర పొర ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే టేపు కాదు.

ఇక గాలి సంగతి. గంటకు 100 కి.మీ. వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల బరువుతో సమానం. వైజర్ వైశాల్యం లెక్కవేస్తే దాని మీద సుమారు రెండున్నర కిలోలు. వేగం సగమైతే ఇది నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే టౌన్‌లో ఊడనిది హైవే ఎక్కగానే ఊడుతుంది. రెండున్నర కిలోలు టేపుకు పెద్ద లెక్క కాదు, మొత్తం పొడవునా సమానంగా పడితే. కానీ గోడ మీద సినిమా పోస్టర్‌ను మధ్యలో పట్టుకుని లాగితే రాదు, మూల పట్టుకుంటే సర్రున వస్తుంది కదా! ముందు కొస కొంచెం లేచిందంటే గాలి ఆ మూల పట్టుకుంటుంది. కాబట్టి ముందు కొస రెండు అంగుళాలు ఎంత బాగా అతికిందన్నదే ముఖ్యం. మేము అరచేత్తో కొట్టింది మధ్యలో.

ఇప్పుడు చేసే విధానం. బండిని షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పాలిష్ ఏదైనా సరే అతికించే చోట వద్దు, వేయాల్సి వస్తే చివర్లో వేసుకోవాలి. వైజర్‌ను ముందు టేపు పొర తీయకుండానే పెట్టి చూసి, మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టుకోవాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి శుభ్రమైన గుడ్డతో ఒకే వైపుకు తుడవాలి. మొబైల్ రిపేరు షాపుల్లో ఐ.పి.ఏ. అని బోర్డులు కడగడానికి వాడేది అదే. మొదట తుడిచిన గుడ్డతో రెండోసారి తుడిస్తే నూనెను మళ్లీ పూసినట్లే. మైనం మందంగా ఉంటే ఐ.పి.ఏ. ఒక్కటే చాలదు, ముందు మైనం తీసే ద్రవం వాడాలి.

టేపు పొరను మొత్తం ఒకేసారి తీయవద్దు. రెండు కొసల దగ్గర కొంచెం తీసి, ఆ తోకలను బయటికి మడిచి, గుర్తుల ప్రకారం కుదిరాక మెల్లగా లాగాలి. జిగురు వైపు వేలు పెట్టకూడదు, వేలికీ నూనె ఉంటుంది. ఒకసారి అంటాక పీకి మళ్లీ సరిచేద్దామంటే కుదరదు. తర్వాత బొటనవేలితో గానీ చిన్న రోలర్‌తో గానీ ఈ కొస నుంచి ఆ కొస దాకా అంగుళం అంగుళం నొక్కాలి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి పడాలి. వేలు నొప్పి పుడితే సరిగ్గా నొక్కినట్లే.

పని చేసే చోట వేడి 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. 10 డిగ్రీల కన్నా తగ్గితే జిగురు బిగుసుకుని గుంటల్లోకి పాకదు. మన మే నెల మధ్యాహ్నం ఎండలో బండి రేకు ముట్టుకోలేం, కనుక పొద్దున్నే నీడలో చేయాలి.

అన్నింటికన్నా ఎవరూ పాటించనిది ఆగడం. నొక్కిన 20 నిమిషాలకు సగం పట్టు వస్తుంది. 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తిగా. ఒకరోజు పాటు నీళ్లు తగలకూడదు, హైవే ఎక్కకూడదు. మా కారాయన అతికించిన గంటలోపే హైవే ఎక్కాడు. ఆయనకు ఆ మాట మేమూ చెప్పలేదు, ఓనరుగారూ చెప్పలేదు. కనుక తమ్ముళ్లూ, బండి ఇచ్చేటప్పుడు "సార్, ఇవాళ ఒక్కరోజు మెల్లగా పోనివ్వండి, కడగొద్దు" అని ఓనరు ముందే చెప్పండి. రేపు కూలి కోస్తే ఆ మాట మీకు అక్కరకొస్తుంది.

టేపుతో వేయకూడనివి కూడా ఉన్నాయి. నంబరు ప్లేటును కొందరు టేపుతో పెట్టమంటారు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేట్లు తప్పనిసరి, వాటికి విప్పలేని లాక్‌లు ఉంటాయి. పైన సామాను మోసే క్యారియర్‌ను టేపు మీద నమ్మకూడదు. ముందు వేసే ఇనుప గార్డుల జోలికి అసలు పోవద్దు. వాటిపై చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017లో రాష్ట్రాలకు రాసింది.

పాతది తీయాల్సి వస్తే బ్లేడు పెట్టి గీకవద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, గాలం దారాన్ని వెనక నుంచి రంపంలా లాగితే ఫోమ్ తెగుతుంది. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టి, కొంచెం కిరోసిన్‌తో తుడిచి, వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి. తిన్నర్ తగిలితే పెయింటే పోతుంది, అప్పుడు కోసేది నాలుగు రోజుల కూలి కాదు.

మేము కొన్న ఐ.పి.ఏ. సీసా, గాలం దారం మా గదిలోనే ఉన్నాయి. సెలవుల పనికి వెళ్లేవాళ్లు అడిగి తీసుకోవచ్చు. బకెట్ ప్రయోగం ఎవరైనా మళ్లీ చేస్తే మాత్రం కింద దుప్పటి పరవండి.