నడకా? కాజాలా?

పిఠాపురంలో మీ బాబాయిగారు ఒళ్లు తగ్గడానికి రోజూ గంటలో 4 కిలోమీటర్లు నడుస్తున్నారనుకోండి. బరువు 80 కిలోలు. ఆ గంటలో సుమారు 240 కిలోకాలరీల శక్తి ఖర్చవుతుంది. అయితే ఊరకే కూర్చున్నా 80 ఖర్చయ్యేవే! నడక వల్ల అదనంగా ఖర్చయినవి 160 మాత్రమే.

వస్తూ వస్తూ రెండు కాకినాడ కాజాలు తిన్నారు. ఒక్కోదానిలో 12 గ్రాముల పంచదార, 4 గ్రాముల నూనె ఉన్నాయనుకుందాం. గ్రాము పంచదారకు 4, నూనెకు 9 చొప్పున లెక్క కట్టండి. రెండింటికీ 168! మైదా సంగతి వేరు. ఇక బరువు తగ్గేదెలా?

అలాగని ఆకలి చంపుకోకూడదు. రోజంతా నాట్లు వేసేవారు శ్రమకు తగినంత తినాలి. ఎదిగే వయసులోని మీరు వైద్యుని సలహా లేనిదే తిండి తగ్గించకండి. బాబాయిగారికి ఆకలేస్తే? గ్లాసుడు మజ్జిగ, కాసిని పెసర మొలకలు ఇవ్వండి!