ఫ్యూజు పోయిందా? రాగి తీగ చుట్టి బండి తియ్యకండి

రొట్టెల పండగకు ఉదయగిరి నుంచి నెల్లూరు బయల్దేరారు. ఆత్మకూరు చేరకముందే చీకట్లో కారు హెడ్‌లైట్లు ఆరిపోయాయి. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగ ముక్కో ఫ్యూజు బదులు పెట్టేస్తారు. లైటు వెలుగుతుంది, అల్హమ్దులిల్లాహ్ అనుకుని కదులుతారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఫ్యూజు ఉన్నది లైటును కాపాడ్డానికి కాదు, వైరును కాపాడ్డానికి. బ్యాటరీ 12 వోల్టులే, ముట్టుకుంటే షాక్ కొట్టదు, నిజమే. కానీ షార్టయితే అదే బ్యాటరీ వందల ఆంపియర్లు వదుల్తుంది. రాగి తీగ కరగదు. దాని బదులు డాష్‌బోర్డు వెనక వైరు కాలుతుంది. వెనక సీట్లో అమ్మీ, పిల్లలు ఉంటారు.

ముందు తాళం ఆపాలి. ఫ్యూజు బాక్సు మూత మీద ఏది దేనిదో రాసి ఉంటుంది. ఫ్యూజు లాగి వెలుతురులో చూస్తే లోపలి పట్టీ తెగిందో లేదో తెలుస్తుంది. రంగు కూడా చూడాలి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. 15 పోతే 15 మాత్రమే వెయ్యాలి. "20 వేస్తే పోదు కదా" అంటారు కొందరు. పోదు, వైరు పోతుంది.

కొత్తది కూడా వెంటనే పోయిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతున్నట్టే. ఫ్యూజుల మీద ఫ్యూజులు వేసి లాభం లేదు. మెకానిక్ ఆ లైనులోని బల్బులు, హారన్ అన్నీ విప్పేసి, ఫ్యూజు ఉండే రెండు కాళ్ల మధ్య టెస్ట్ బల్బు పెడతాడు. అయినా అది వెలిగితే షార్టు ఉన్నట్టు. వైర్లను కొంచెం కొంచెం కదుపుతూ పోతే ఒకచోట బల్బు ఆరుతుంది, తప్పు అక్కడే. ఎక్కువసార్లు అది తర్వాత బిగించిన హారనో, మ్యూజిక్ సిస్టమో, ఎలుక కొరికిన వైరో అయి ఉంటుంది.

చిన్న విమానాల్లోనూ 12 లేదా 24 వోల్టుల లైన్లే, ఫ్యూజులే. అమెరికాలో రాత్రి ఎగరాలంటే ప్రతి రకానికి మూడు స్పేర్ ఫ్యూజులు, లేదా ఒక పూర్తి సెట్టు, పైలట్ చేతికందేలా ఉండాలని నిబంధన. మన బండిలో ఆ డబ్బీకి గ్లవ్ బాక్సులో చోటు చాలు.