కథలో నగరం: కైరో వీధుల నుండి హైదరాబాదు మొహల్లాల దాకా

చొప్పదండి వంటి ఊళ్ళలో పెరిగినవారికి హైదరాబాదు రెండు విధాలుగా తెలుస్తుంది. పనిమీద కరీంనగర్ మీదుగా బస్సులో వెళ్ళినప్పుడు కంటికి కనిపించే నగరం ఒకటి. కథల్లో, నవలల్లో చదివి తెలుసుకున్న నగరం మరొకటి. మొదటిది కొద్ది రోజుల్లో మరపున పడవచ్చు. రెండవది మనసులో నిలిచిపోయి, ఆ నగరంలో నివసించే ప్రజలపట్ల పాఠకుని అభిప్రాయాన్ని తీర్చిదిద్దుతుంది. కనుక రచయిత నగరాన్ని ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్న ప్రశ్న విమర్శకులకు మాత్రమే పరిమితమైనది కాదు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఆఫ్రికా ఖండంలోని కైరో నగరం చక్కని ఉదాహరణ. క్రీ.శ. 969లో ఫాతిమీలు స్థాపించిన ఈ నగరానికి అరబ్బీలో అల్ ఖాహిరా అని పేరు. అంటే 'విజేత' అని అర్థం. పరదేశి యాత్రికుల పుస్తకాల్లో కైరో అనగానే నైలునది, పిరమిడ్లు, ఒంటెలు కనిపిస్తాయి. నజీబ్ మహ్‌ఫూజ్ (1911-2006) ఈ దారి పట్టలేదు. పాత కైరోలోని జమాలియా మొహల్లాలో పుట్టిన ఆయన, 1956, 1957 సంవత్సరాలలో వెలువడిన తన మూడు నవలలకు అక్కడి వీధుల పేర్లనే పెట్టాడు: బైనల్ ఖస్రైన్, ఖస్రుష్షౌఖ్, అస్సుక్కరియా. మొదటి పేరుకు 'రెండు రాజభవనాల నడుమ' అని అర్థం. ఫాతిమీల రాజభవనాలు ఏనాడో పోయాయి. వీధి పేరు మాత్రం నిలిచింది. ఆ వీధిలో ఒక దుకాణదారు కుటుంబం 1917 నుండి 1944 వరకు గడిపిన జీవితమే ఈ మూడు నవలల కథ. 1988లో మహ్‌ఫూజ్‌కు నోబెల్ బహుమతి లభించింది. అరబ్బీ రచయితల్లో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే.

మొదటి నవలలోని అమీనా పాత్రను చూస్తే రచయిత పద్ధతి బోధపడుతుంది. ఆమె ఇంటి యజమాని భార్య. పాతికేళ్ళ కాపురంలో ఒంటరిగా గడప దాటి ఎరుగదు. చెక్క జాలీ కిటికీలోనుండి కనిపించే వీధి, డాబామీదినుండి కనిపించే మీనార్లు, ఇంతే ఆమె ఎరిగిన కైరో. హజ్రత్ హుసేన్ పేరిట ఉన్న మసీదు కొద్ది దూరంలోనే ఉన్నా అక్కడికి పోయే భాగ్యం లేదు. భర్త ఊరికి వెళ్ళినప్పుడు పిల్లల ప్రోద్బలంతో, చిన్న కొడుకును వెంటబెట్టుకొని జియారత్‌కు బయలుదేరుతుంది. తిరుగుదారిలో మోటారుకారు తగిలి భుజమెముక విరుగుతుంది. ఆమె కోలుకున్నాక భర్త ఆమెను పుట్టింటికి పంపివేస్తాడు.

ఈ ఒక్క ఘట్టంలో నగరమంతా ఉన్నది. మసీదుపట్ల భక్తి, ఇంటి కట్టుబాటు, కొత్తగా వచ్చిన మోటారు, ఇవన్నీ నాలుగడుగుల వీధిలో ఎదురుపడ్డాయి. ఇక్కడ మీనారు అలంకారం కోసం నిలిపిన బొమ్మ కాదు, ఒక స్త్రీ జీవితంలోని ఆశ. స్థలం కథలోకి రావడమంటే ఇదే. కట్టడాన్ని వర్ణించినంత మాత్రాన స్థలం రాదు. ఆ కట్టడానికి, అక్కడి మనిషికి ఉన్న సంబంధాన్ని చూపినప్పుడే వస్తుంది.

హైదరాబాదులోనూ వీధుల పేర్లు చరిత్రను మోస్తున్నాయి. బార్కస్ అన్న పేరు నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బారకాసులనుండి వచ్చింది. ఏసీ గార్డ్స్ అన్న బస్తీ పేరులో ఆఫ్రికా ఖండపు అశ్వికదళం, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నేటికీ దాగి ఉన్నది. 1591లో వెలసిన చార్మినార్ చుట్టూ ఇటువంటి మొహల్లాలెన్నో ఉన్నాయి.

ఈ నగరాన్ని లోపలినుండి చూసిన రచయితలు లేకపోలేదు. ఉర్దూలో అజీజ్ అహ్మద్ 1948లో ప్రకటించిన 'ఐసీ బులందీ ఐసీ పస్తీ' నవల హైదరాబాదు సంపన్న వర్గాల ఉత్థాన పతనాలను చిత్రించింది. జీలానీ బానో 1976 నాటి 'ఐవానె గజల్' నవలకు ఒక దేవిడీ పేరునే పెట్టింది. జాగీర్దారీ వ్యవస్థ కూలిపోతున్న కాలాన్ని ఆమె ఆ ఇంటి స్త్రీల బ్రతుకుల ద్వారా చూపింది. అమీనా కిటికీకి, ఈ దేవిడీ జనానాకు దగ్గరి పోలిక ఉన్నది.

తెలుగులో నెల్లూరి కేశవస్వామి (1920-1984) చేసిన కృషి ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1981లో వచ్చిన ఆయన కథాసంపుటి పేరు 'చార్మినార్'. ఐతే అందులో చార్మినార్ కట్టడంకంటె దాని నీడలో బ్రతికే హిందూ ముస్లిం కుటుంబాల రాకపోకలే ముఖ్యం. 'రూహీ ఆపా' అన్న కథ పేరే ఒక పిలుపు. ఇరుగుపొరుగు మధ్య ఉన్న వరుసలు ఆ ఒక్క మాటలో వినిపిస్తాయి. 'యుగాంతం' కథ హైదరాబాదు సంస్థానపు చివరి రోజులను మనుషుల మధ్య ఉన్న స్నేహంలోనుండి చూపుతుంది.

ఇటువంటి రచనల విలువ మరొకవైపునుండి కూడా తెలుస్తుంది. తెలుగు కథలో ముస్లిం పాత్ర చాలాకాలం నవాబుగానో, రజాకారుగానో, జట్కా తోలే సాయిబుగానో మిగిలిపోయిందన్న విమర్శ ఉన్నది. ఇల్లు చూపకుండా మనిషిని చూపితే జరిగేది ఇదే. ఈ లోటు తీర్చడానికి ముస్లిం రచయితలే పూనుకున్నారు. 2004లో స్కైబాబ సంపాదకత్వంలో ముస్లిం కథల సంకలనం వెలువడింది. దానికి 'వతన్' అని పేరు పెట్టడం అర్థవంతం. వతన్ అంటే స్వస్థలమే కదా!

కైరోకు ఒక మహ్‌ఫూజ్ దొరికినందువల్ల జమాలియా వీధులను ఎన్నడూ చూడనివారుకూడా అమీనా బాధను అర్థం చేసుకోగలుగుతున్నారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే కుటుంబాలు చొప్పదండి వంటి ఊళ్ళలో ఉన్నాయి. వారి గల్లీ, వారి దుకాణం, పండుగనాడు పొరుగింటికి పోయే సేమ్యా గిన్నె కథల్లో చోటు చేసుకోనంతవరకు, బయటివారు వారిని పాత మూసలోనే చూస్తారు. కథ వ్రాయడానికి మహానగరమే కావాలన్న నియమమేదీ లేదు. మహ్‌ఫూజ్‌కు ఒక వీధి సరిపోయింది.