తుపాకీకి థర్డ్ పార్టీ బీమా

బండి రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. మరి ఇంట్లో తుపాకీ పెట్టుకున్నవాళ్లకు ఆ షరతు ఎందుకు ఉండకూడదు? తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో ఈ ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. 2021 మే నెలలో అక్కడి రైల్ యార్డులో ఓ ఉద్యోగి తొమ్మిది మంది తోటి ఉద్యోగులను కాల్చి చంపాడు. ఆ తర్వాత మేయర్ శామ్ లికార్డో పట్టుబట్టి తెచ్చిన ఆర్డినెన్స్‌ను నగర కౌన్సిల్ 2022 జనవరిలో ఆమోదించింది. తుపాకీ ప్రమాదవశాత్తూ పేలి ఎవరికైనా నష్టం జరిగితే చెల్లించేలా యజమాని దగ్గర బీమా ఉండాలి. 2023 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అమెరికాలో ఇలాంటి నిబంధన పెట్టిన మొదటి నగరం అదే.

చిక్కల్లా ఆ 'ప్రమాదవశాత్తూ' దగ్గరే ఉంది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 ఆత్మహత్యలు, 20,958 హత్యలు. పొరపాటున పేలి పోయిన ప్రాణాలు 549, అంటే నూటికి ఒకటి. కావాలని చేసిన హానికి బీమా చెల్లించకూడదని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది. ఆ లెక్కన ఏ ఘోరం ఈ ఆర్డినెన్స్‌కు దారితీసిందో, ఆ ఘోరానికే ఈ పాలసీ పైసా ఇవ్వదు.  

బీమా వస్తే జాగ్రత్త దానంతటదే వస్తుందని సమర్థకుల వాదన. తుపాకీకి తాళం వేసేవాళ్లకు ప్రీమియం తగ్గుతుంది, పిల్లలున్న ఇంట్లో లోడ్ చేసి వదిలేసేవాళ్లకు పెరుగుతుంది అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ శాన్ హోసేలో మామూలు ఇంటి బీమా, అద్దె ఇంటి బీమా ఉన్నా సరిపోతుంది. యజమాని చేయాల్సిందల్లా ఒక ఫారంలో బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు రాసి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని సంతకం పెట్టి, ఆ కాగితాన్ని తుపాకీ దగ్గర ఉంచుకోవడం. నగరానికి పంపనక్కర్లేదు. పోలీసులు అడిగితే చూపించాలి. తాళం సంగతి ఆ ఫారంతో తేలేది కాదు.

అవతలివాళ్ల అభ్యంతరాలూ చూడాలి. తుపాకీ పెట్టుకోవడానికి అమెరికా రాజ్యాంగం ఇచ్చిన హక్కుకు రుసుమేమిటి, పేదవాడు ఏం కావాలి అన్నది మొదటిది. కట్టలేని స్థితిలో ఉన్నవారికి ఆర్డినెన్స్ మినహాయింపునిచ్చింది. ఫెడరల్ జడ్జి కూడా 2022 ఆగస్టులో దీన్ని ఆపడానికి నిరాకరించారు. అయితే న్యూజెర్సీలో ఆయుధం దాచుకుని తిరిగే లైసెన్సుదారులకు కనీసం 3 లక్షల డాలర్ల బీమా ఉండాలన్న షరతును మరుసటి ఏడాది మరో ఫెడరల్ జడ్జి నిలిపేశారు. కాబట్టి కోర్టులన్నీ ఒకే దారిలో లేవు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: నేరం చేసేవాడు బీమా కడతాడా? కట్టడు. నిజమే. బీమా లేని బండ్లు కూడా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి, అయినా థర్డ్ పార్టీ బీమా దండగని ఎవరూ అనరు. ఎందుకంటే అది బాధితుడి కోసం పెట్టింది.

శాన్ హోసే ఆర్డినెన్స్‌లో అసలు లోటు ఆ బాధితుడి విషయంలోనే. మన దేశంలో గుద్ది పారిపోయిన బండి ఎవరిదో తెలియకపోయినా, మృతుడి కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత 1991లో వచ్చిన పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టమూ ప్రమాదకర పదార్థాలు వాడే పరిశ్రమ చేత బీమా కట్టిస్తూనే, ప్రీమియంతో పాటు పర్యావరణ సహాయ నిధికి కూడా వాటా వేయిస్తుంది. బీమా అందని చోట నిధి ఆదుకోవాలన్నదే ఆలోచన. శాన్ హోసే ఆర్డినెన్స్‌లోనూ ఏటా దాదాపు 25 డాలర్ల రుసుము ఉంది, కానీ అది హింస నివారణకు పనిచేసే స్వచ్ఛంద సంస్థకు ఉద్దేశించింది. 2024 జూలై నుంచి కాలిఫోర్నియా తుపాకులు, తూటాల అమ్మకాలపై వేస్తున్న 11 శాతం పన్నూ నివారణకు, స్కూళ్ల భద్రతకే వెళ్తోంది. నివారణ అవసరమే. అయితే తప్పనిసరి బీమా అడిగే ప్రభుత్వాలు ఆ చట్టంలోనే తూటా తగిలినవాళ్ల కోసం తుపాకీ యజమానుల వాటాతో ఒక నిధి పెట్టాలి. అది లేని బీమా నూటికి ఒక్క మరణానికే సరిపోతుంది.