బోర్లాపడితే బొబ్బట్లూ, ఒక బొమ్మా!

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే, వచ్చినవారి చేతికి ఫోను అందించి "మా బుజ్జిగాడి ఫోటోలు చూడండి" అనడం ఈనాటి మర్యాద. చూసేవారు వేలితో ఒక్కొక్కటే జరుపుతూ పోతారు. నిద్రపోతున్న బుజ్జిగాడు, ఆవులిస్తున్న బుజ్జిగాడు, మళ్ళీ నిద్రపోతున్న బుజ్జిగాడు! రెండువందలు దాటాక, "ఇది ఎన్నోనెలలో తీశారండీ?" అని ఎవరైనా అడిగితే తల్లి తండ్రి వంకా, తండ్రి అమ్మమ్మ వంకా చూస్తారు. ఫోటోలకు కొదవ లేదు. బిడ్డ పెరిగిన జాడ మాత్రం వాటిలో ఎక్కడా చిక్కదు.

పుట్టిన తరువాత మొదటి సంవత్సరంలో పెరిగినంత వేగంగా మనిషి మళ్ళీ ఏనాడూ పెరగడు. సుమారు 50 సెంటీమీటర్ల పొడవున పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి 75 సెంటీమీటర్ల దాకా సాగుతాడు. అయిదారు నెలలకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు, ఏడాదికి దాదాపు మూడు రెట్లు తూగుతాడు. ఇంత విడ్డూరం కళ్ళ ఎదుట జరుగుతున్నా మనకు తెలియకపోవడానికి కారణం, రోజూ చూస్తూ ఉండడమే. ఆ తేడాను పట్టి చూపడమే ఫోటో చేయవలసిన పని. తేడా తెలియాలంటే, మారని వస్తువు ఒకటి ఆ పక్కనే ఉండాలి.

ఇందుకోసం నెలల అంకెలు అచ్చువేసిన దుప్పట్లు బజారులో అమ్ముతున్నారు. పనికివస్తవి, కాదనను. కాని అందరి ఇళ్ళలోనూ అదే దుప్పటి, అదే అంకె! మన ఇళ్ళలో అంతకన్న మంచి కొలబద్దలు ఉన్నవి.

అమ్మమ్మ కాళ్ళనే తీసుకోండి. పీటమీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, వాటిమీద పసిగుడ్డును పడుకోబెట్టి, నూనె మర్దించి నీళ్ళు పోసే దృశ్యం మనకు కొత్త కాదు. పురిటి రోజుల్లో బిడ్డ ఆ మోకాళ్ళకూ చీలమండలకూ నడుమనే ఒదిగిపోతుంది. మూడోనెలకు ఆ చోటు చాలదు. అయిదోనెల వచ్చేసరికి కాళ్ళు ఆవిడ ఒళ్ళోకి తన్నుతూ ఉంటవి, చేతులు చెంబుకోసం పెనుగులాడుతూ ఉంటవి. నెలకొకసారి అదేచోట నిలబడి, పైనుంచి ఈ బొమ్మ తీయండి. బిడ్డ ఎదుగుదలతోపాటు అమ్మమ్మ చేతి ఒడుపు కూడా దక్కుతుంది. అయితే స్నానం ఫోటోలు ఇంటి ఆల్బంలో ఉండవలసినవి గాని, ఊరందరి ఫోన్లకూ పంపదగినవి కావు సుమా.

నీళ్ళు పోసే అమ్మమ్మ లేని ఇంట్లో తాతగారి పడకకుర్చీ అయినా సరే, ఇత్తడి మరచెంబు అయినా సరే. మెత్తటి బొమ్మను మాత్రం నమ్ముకోకండి. ఎనిమిదోనెలకల్లా దాని చెవి బిడ్డ నోట్లో ఉంటుంది. కెమేరా పట్టుకుని నిలబడే చోట నేలమీద సుద్దముక్కతో గీత గీసుకోవాలి. దూరం మారితే కొలత తప్పుతుంది. ఫోనును ముఖానికి జానెడు దూరంలోకి తెచ్చారంటే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కుపోయి, ఎవరి బిడ్డో అన్నట్లు వస్తుంది. రెండుమూడు అడుగులు వెనక్కు జరగండి. వెలుతురుకు, ఎండ నేరుగా పడని కిటికీ చాలు.

నెలల లెక్క సరే. కాని బిడ్డలు కాలెండరు చూసి పెరగరు గదా! మన పెద్దలు ఆ సంగతి గ్రహించారు కాబోలు, పిండివంటలతో వేరే పంచాంగమే ఏర్పరిచారు. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు. ఒకబిడ్డ నాలుగోనెలలో బోర్లాపడవచ్చు, ఇంకొక బిడ్డ ఆరోనెలలో పడవచ్చు. వంట మాత్రం ఆ పని జరిగిన తరువాతనే. ఫోటోకూ ఇదే పద్ధతి పెట్టుకుంటే, పక్కింటి బిడ్డతో పోలిక పెట్టుకుని బెంగపడే అవసరం తప్పుతుంది. పొయ్యిమీద మూకుడు ఎక్కిననాడు కెమేరా కూడా బయటికి రావాలి.

బారసాలనాడు ఉయ్యాల ఫోటో అందరూ తీస్తారు. పళ్ళెంలో బియ్యంమీద తండ్రి ఉంగరంతో వ్రాసిన పేరును మాత్రం చాలామంది విడిచిపెడతారు. ఆ బియ్యం మరి గంటకు చెదిరిపోతవి. ఒక మనిషి పేరు మొట్టమొదట వ్రాయబడిన చోటు అది!

ఇక అన్నప్రాశన సంగతి. పుస్తకం, కలం, బంగారం, డబ్బు, అన్నంగిన్నె ఎదుట పేర్చి, బిడ్డను వదులుతారు. దేన్ని పట్టుకుంటే అదే వాడి భవిష్యత్తట. ఫోటో తీసేవారు వాడు వస్తువు పట్టుకునేదాకా ఆగి, పట్టుకోగానే ఒక్కటి తీసి, పని అయిందనుకుంటారు. నన్నడిగితే అసలు వేడుక అంతకుముందే ఉన్నది. కలాన్ని బిడ్డకు నాలుగంగుళాలు దగ్గరగా జరుపుతున్న తాతగారి చెయ్యి, కత్తిని మెల్లగా పక్కకు నెడుతున్న నాయనమ్మ చెయ్యి, ఇవేవీ పట్టించుకోకుండా పళ్ళెం అంచు నాకాలని వంగుతున్న బిడ్డ! వరసగా పది పన్నెండు ఫోటోలు తీసి పక్కపక్కన అతికిస్తే, ఆ ఇంటివారు బిడ్డపై పెట్టుకున్న ఆశలన్నీ అందులో ఉంటవి.

పాకడం మొదలైన తరువాత ఫోటో తీసేవారు కూడా నేలమీద బోర్లాపడక తప్పదు. నిలబడి తీస్తే బిడ్డ నడినెత్తి తప్ప మరేమీ రాదు. వాడి కళ్ళ ఎత్తుకు దిగి చూస్తే బల్లకాళ్ళు తాటిచెట్లలా, గడప గోడలా కనబడతవి. మొదట గడపమీద చెయ్యి వేసి ఆగిపోతాడు. కొన్నాళ్ళకు పొట్ట ఆనిస్తాడు. ఒకనాడు తల అవతల, కాళ్ళు ఇవతలగా ఇరుక్కుని కేకలు పెడతాడు. ఈ మూడింటినీ ఒకే గడప దగ్గర, ఒకే వైపునుంచి తీసినవారికి మరే అలంకారమూ అక్కరలేదు.

అలంకారాలంటే గుర్తుకు వచ్చింది. రెండు చేతులమీద గడ్డం ఆనించి, కప్పలా కూర్చుని నిద్రపోతున్న పసికందు ఫోటోలు చూసి ముచ్చటపడి, ఇంట్లో అటువంటిది ప్రయత్నించకండి. తలను ఒకరు పట్టుకోగా ఒకటి, చేతులను పట్టుకోగా ఇంకొకటి తీసి, ఆ రెండింటినీ కలిపి, పట్టుకున్నవారి చేతులను చెరిపివేస్తారు. మెడ నిలవని బిడ్డ తనంత తాను అలా కూర్చోలేదు.

చెరిపివేయడం ఈనాటిదేమీ కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా, అమెరికా దేశాల స్టూడియోలలో ఒక్క ఫోటో దిగాలంటే ఎన్నో సెకన్లు కదలకుండా ఉండవలసివచ్చేది. పసిబిడ్డ ఉంటుందా? అందుకని తల్లి కుర్చీలో కూర్చుని, తలమీదుగా దుప్పటి కప్పుకుని, ఒళ్ళో బిడ్డను కదలకుండా పట్టుకునేది. బొమ్మలో బిడ్డ ఉంటుంది, వెనుక ముసుగువేసిన కుర్చీలా తల్లి ఉంటుంది. అటువంటివి నేటికీ చాలా మిగిలి ఉన్నవి. చూస్తే నవ్వు వస్తుంది, వెంటనే మనసు కలుక్కుమంటుంది. ఇప్పుడు ముసుగు లేదు. కాని ఫోటోలు తీసేది తల్లే కావడంతో, సంవత్సరం పొడుగునా తీసిన బొమ్మల్లో ఆమె నీడ తప్ప ఆమె లేని ఇళ్ళు ఎన్ని లేవు! నెలకొకసారైనా ఫోను తండ్రి చేతికి ఇవ్వాలి. తల దువ్వుకోలేదనీ, నైటీలో ఉన్నాననీ ఆమె వద్దన్నా తీయాలి. రాత్రి మూడుగంటలకు బిడ్డను భుజాన వేసుకుని తిరుగుతున్న మనిషి దువ్వుకున్న తలతో ఉండదు గదా.

ఏడాది నిండకుండా ఫోటో ఏమిటని అభ్యంతరపెట్టే పెద్దలు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నారు. నవ్వి తీసిపారవేయడం నాకు ఇష్టం లేదు. ఉయ్యాలలోని బిడ్డలు ఉయ్యాలలోనే పోయిన రోజులు చూసినవారి భయం అది. వారి మాట మన్నిస్తూనే ముఖం లేని బొమ్మలు తీయవచ్చు. అరిపాదాలు, తండ్రి వేలును బిగించిన గుప్పెట, నడినెత్తిన సుడి. పుట్టువెంట్రుకలు తీయించకముందు ఆ సుడిని ఒక్కసారైనా తీసి ఉంచండి. తరువాత కావాలన్నా ఆ జుట్టు రాదు.

ఒక్క విషయంలో మాత్రం ఫోటోను డాక్టరుగారికి చూపవలసివస్తుంది. ఫ్లాష్ వేసి తీసినప్పుడు కంటిపాప ఎర్రగా మెరవడం మామూలే. ఒక కన్ను ఎర్రగా వచ్చి, రెండవది తెల్లగా వస్తే ఉపేక్షించకండి. వెలుతురు పడిన కోణంవల్ల కావచ్చు. కాని కంటి వెనుకపొరలో పుట్టే రెటినోబ్లాస్టోమా అనే కేన్సరు కూడా తరచుగా ఇలాగే బయటపడుతుంది. త్వరగా కనిపెడితే ప్రాణమూ, చాలాసార్లు చూపూ దక్కుతవి. ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుచేత పరీక్ష చేయించాలి.

ఫోటోలు తీసినవారు వాటికింద నాలుగు మాటలు వ్రాయడానికి బద్ధకిస్తారు. చార్లెస్ డార్విన్ 1839 డిసెంబరులో పుట్టిన తన పెద్దకొడుకు చేష్టలను తేదీలతో సహా పుస్తకంలో వ్రాసిపెట్టుకున్నాడు. ఎప్పుడు నవ్వాడు, దేనికి భయపడ్డాడు, ఎలా కోపం తెచ్చుకున్నాడు, అన్నీ. ఆ కాగితాల ఆధారంతోనే 1877లో, అంటే ముప్పైఏడేళ్ళ తరువాత, వ్యాసం ప్రకటించగలిగాడు. మనం శాస్త్రగ్రంథాలు వ్రాయనక్కరలేదు. నెలకు ఒక్క బొమ్మ కాగితంమీద అచ్చువేయించి, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో తేదీ, ఆనాటి ముచ్చట ఒకటి వ్రాస్తే చాలు. ఫోను నీళ్ళలో పడినా ఆ పన్నెండూ ఉంటవి.

పుట్టినరోజునాడు ఆ పన్నెండు బొమ్మలనూ చాపమీద పరిచి బిడ్డను వదలండి. అందులో ఉన్నది తానేనని వాడికి తెలియదు. అద్దంలో కనబడేది తానేనని పోల్చుకోవడానికే మరి ఆరునెలలో, ఏడాదో పడుతుంది. వాడు ఆ పాపాయిలందరినీ దాటుకుంటూ పాకుతూపోయి, ఏదో ఒక బొమ్మమీద అరచెయ్యి వేసి "అమ్మ" అంటాడు. ఆమె వాటిలో ఉంటే.