బైవీక్లీ అంటే వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా?

మన పావగడ తాలూకాలో ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో, తాలూకా కచేరీలో కన్నడ. బ్యాంకు కాగితం మీద, మందుల చీటీ మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య తరతరాలుగా సర్దుకుని బతుకుతున్నాం. మన సంఘానికి పెద్దవాళ్లు తెచ్చి చదివించుకునే కాగితాల్లో మేము గమనించింది ఒకటే. ఎంత డబ్బు, ఏ మందు అన్నది అందరికీ తెలుస్తుంది. ఎన్నాళ్లకోసారి అన్న చోటే తికమక. చదువుకున్న పిల్లలు కూడా అక్కడ తడబడుతున్నారు. అందుకని అలాంటి మాటలను ఒకచోట చేర్చి రాస్తున్నాము.

మన భాషలో తికమక లేదు

"వారానికి రెండుసార్లు" అంటే లెక్క సార్ల పక్కన ఉంది. "రెండు వారాలకు ఒకసారి" అంటే లెక్క వారాల పక్కన ఉంది. కన్నడలోనూ ఇంతే. "వారక్కె ఎరడు సల" వేరు, "ఎరడు వారక్కొమ్మె" వేరు. ఇంగ్లీషులో మాత్రం ముందు "బై" అని తగిలిస్తారు. బై అంటే రెండు. ఆ రెండు సార్లకా, వారాలకా అన్నది ఆ మాట చెప్పదు. అందుకే బైవీక్లీకి ఇంగ్లీషు నిఘంటువులే రెండు అర్థాలూ ఇస్తాయి.

బైవీక్లీ

అనీమియా ముక్త్ భారత్ పథకం కింద 6 నెలలు నిండినప్పటి నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకు ఐరన్ సిరప్ ఇస్తారు. కాగితాల్లో "బైవీక్లీ, 1 మిల్లీలీటరు" అని ఉంటుంది. ఇక్కడ అర్థం వారానికి రెండుసార్లు. అంటే ఏడాదికి 104 మోతాదులు. రెండు వారాలకోసారి అనుకుంటే బిడ్డకు అందేది 26 మాత్రమే, నాలుగో వంతు. రక్తం తక్కువగా ఉన్న బిడ్డకు ఇది చిన్న తేడా కాదు. ఆశా కార్యకర్తను అడిగి ఏ రెండు వారాలో, అంటే మంగళవారమా, శుక్రవారమా, గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.

మన రైల్వేలో కూడా బైవీక్లీ ఎక్స్‌ప్రెస్ అంటే వారానికి రెండు రోజులు నడిచే బండి. కానీ అమెరికాలో ఉన్న మన పిల్లలు "బైవీక్లీ జీతం" అంటే రెండు వారాలకోసారి వచ్చే జీతం, ఏడాదికి 26 సార్లు. నెలకు రెండుసార్లు వచ్చే జీతాన్ని వాళ్లు సెమీ మంత్లీ అంటారు, అది 24 సార్లు.

బైమంత్లీ

రిజర్వు బ్యాంకు 2014 ఏప్రిల్ నుంచి ద్రవ్య విధానాన్ని బైమంత్లీగా ప్రకటిస్తోంది. ఇక్కడ అర్థం రెండు నెలలకోసారి, ఏడాదికి ఆరుసార్లు. రెపో రేటు మారేది ఎక్కువగా అప్పుడే. ఇంటి అప్పు వడ్డీ దానికి ముడిపడి ఉన్నవాళ్లు ఆ తేదీలు గమనించాలి. తమిళనాడులో ఉన్న మన బంధువులకు ఇంటి కరెంటు బిల్లు వచ్చేది కూడా రెండు నెలలకోసారే.

బైయాన్యువల్, బైఎన్నియల్

చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ అర్థం వేరు. బైయాన్యువల్ అంటే ఏడాదికి రెండుసార్లు. పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇచ్చే జాతీయ దినాలు ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ఈ లెక్కలోవే. హాఫ్ ఇయర్లీ, సెమీ యాన్యువల్ అన్నా ఆరు నెలలకోసారి అనే. బైఎన్నియల్ అంటే రెండేళ్లకోసారి. రాజ్యసభలోను, మన రాష్ట్ర విధాన పరిషత్తులోను రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతారు. ఆ ఎన్నికలను బైఎన్నియల్ ఎన్నికలు అంటారు.

ఇది మన ఊళ్లకు ఎందుకు ముఖ్యమో చూడండి. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు రైతులు సోలార్ పార్కుకు భూమిని 28 ఏళ్లకు గుత్తకు ఇచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. అంటే మొదటి పెంపుతో ఎకరాకు 22,050 అవుతుంది. ఈ పెంపును ఇంగ్లీషులో రాయాలంటే బైఎన్నియల్ అనాలి. ఎవరైనా బైయాన్యువల్ అని రాసినా, అలా చదివినా ఆరు నెలలకే పెంపు అన్న అర్థం వస్తుంది. ఇంటిలో తగవులకు, వట్టి ఆశలకు అంత తేడా చాలు. ఏ గుత్త పత్రంలోనైనా "రెండేళ్లకు ఒకసారి" అని విడమరిచి, మొదటి పెంపు తేదీతో సహా రాయించుకోవడం మేలు.

క్వార్టర్లీ

క్వార్టర్ అంటే నాలుగో భాగం. ఏడాదిలో నాలుగో భాగం మూడు నెలలు. కాబట్టి క్వార్టర్లీ అంటే మూడు నెలలకోసారి, నాలుగు నెలలకోసారి కాదు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీం వడ్డీ ఇలా వస్తుంది. పీఎం కిసాన్ కంతు క్వార్టర్లీ కాదు. ఏడాదికి 6,000 రూపాయలు, నాలుగు నెలలకోసారి 2,000 చొప్పున మూడు కంతులు. మూడో నెల నిండగానే బ్యాంకుకు వెళ్లి వెనక్కి రావద్దు.

ఫోర్ట్‌నైట్

ఇది పద్నాలుగు రాత్రులు అన్న పాత ఇంగ్లీషు మాట. మన పక్షం పదిహేను తిథులు. రెండూ దగ్గరివే గానీ ఒకటి కావు. "వన్ ఫోర్ట్‌నైట్‌లోగా జవాబు ఇవ్వండి" అని నోటీసు వస్తే 14 రోజులే లెక్క పెట్టుకోండి.

మందుల చీటీ

ఓడీ అంటే రోజుకు ఒకసారి. బీడీ అంటే రెండుసార్లు. టీడీఎస్ అంటే మూడుసార్లు. బ్యాంకులో టీడీఎస్ అంటే పన్ను కోత, చీటీలో మూడు పూటలు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. "ఎవ్రీ అదర్ డే", "ఆల్టర్నేట్ డే" రెండూ రోజు మార్చి రోజే.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది "వన్స్ వీక్లీ" దగ్గర. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒకసారి వేసుకునేది. దాన్ని పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. ఇలాంటి మాత్ర ఇంట్లో ఉంటే పట్టీ మీద వారం పేరు తెలుగులో రాసి, వేరే డబ్బాలో పెట్టండి.

తేదీ లేని మాటలు

పీరియాడికల్లీ, ఫ్రమ్ టైమ్ టు టైమ్ అంటే అప్పుడప్పుడు అనే. ఎన్నిసార్లో చెప్పవు. "వడ్డీ పీరియాడికల్లీ మారుతుంది" అని ఉంటే సంతకం ముందే ఎప్పుడెప్పుడు అని అడగాలి.

ఏ కాగితం చేతికి వచ్చినా అడగాల్సినవి మూడే. ఎన్నాళ్లకోసారి? ఏడాదికి మొత్తం ఎన్నిసార్లు? మొదటిసారి ఏ తేదీన? రెండో ప్రశ్నకు అంకెలో జవాబు వస్తే బై ఎటు వైపు ఉందో తేలిపోతుంది. అడగడానికి మొహమాటం వద్దు. ఆ మాట ఇంగ్లీషువాళ్లకే తేలనప్పుడు, మనం అడగడంలో తప్పేముంది?